హైదరాబాద్ ఉద్యోగం, తణుకు దగ్గర ఇల్లు: ఏమేం అమర్చుకోవాలి, ఎన్నాళ్ళు నమ్మొచ్చు?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమెరికా క్లయింటు. కంపెనీ నెలకు నాలుగు రోజులు ఆఫీసుకి వస్తే చాలు, మిగతాది ఇంటి నుంచే అంటోంది. తణుకు దగ్గర పల్లెలో సొంతిల్లు ఉంది. మియాపూర్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి అక్కడికి మారిపోవచ్చా, ఏమేం కొనాలి, ఈ వెసులుబాటు ఎన్నాళ్ళుంటుంది?

మారిపోవచ్చు. అయితే ఆఫీసు మీకు అడక్కుండానే ఇచ్చిన మూడింటిని ఇకమీదట మీరే సంపాదించుకోవాలి: పోని కరెంటు, పోని నెట్, మూసుకునే తలుపు. ఈ మూడూ కుదిరాయా, ఇంటి నుంచి పనిచేయడమంత సుఖం ఇంకోటి లేదు. ఒక్కటి కుంటుపడినా రోజూ క్షమాపణలు చెప్పుకుంటూ బతకాలి. ఎన్నాళ్ళు ఉంటుందంటే, నెలలో కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు అనే పద్ధతి ఉంటుంది. పూర్తిగా ఇంటి నుంచే అనేది కొద్దిమందికే మిగులుతుంది. అందుకని ఊరెళ్ళండి కానీ, రాత్రి రైలెక్కితే పొద్దున్నకి ఆఫీసులో ఉండగలిగేలా వెళ్ళండి. మీ ఊరికి ఆ వీలుంది.

ఇళ్ళ నుంచి పనిచేసే వాళ్ళ కనెక్షన్లు, పరికరాలు చూసుకోవడం నా వృత్తి. అందులో పదే పదే ఎదురయ్యే వాటినే రాస్తున్నాను.

ముందు కరెంటు. అందరూ నెట్ గురించే అడుగుతారు. పల్లెలో నెట్ పోవడానికి మొదటి కారణం కరెంటే.

మీ గది లోడు లెక్క వేసుకోండి. ల్యాప్‌టాప్ చార్జర్ 65 వాట్లు, 24 అంగుళాల మానిటర్ 25, ఫైబర్ పెట్టె, రౌటర్ కలిపి 15, మామూలు సీలింగ్ ఫ్యాను 75, రెండు ఎల్‌ఈడీ బల్బులు 20. మొత్తం 200 వాట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, బ్యాటరీలో ఎంత నిలవుంటుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్లుంటాయి. ఇన్వర్టరు తినేది, బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు కనక వదిలేసేది పోగా చేతికొచ్చేది 1,150 దాకా. అంటే ఐదున్నర గంటలు. ఫ్యాను మార్చి తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే ఏడు గంటలు దాటుతుంది. బ్యాటరీ పెద్దది కొనడం కన్నా ఫ్యాను మార్చడం చవక. ఇది చెప్తే చాలామంది నమ్మరు.

ఇన్వర్టరు 900 వీఏ అయినా సరే, ప్యూర్ సైన్ వేవ్ (లైను కరెంటులాగే నునుపైన అలగా ఇచ్చేది) అయి ఉండాలి. స్క్వేర్ వేవ్ చవగ్గా దొరుకుతుంది కానీ ఫ్యాను మూలుగుతుంది, చార్జర్లు వేడెక్కుతాయి. వెనక ఒక స్విచ్చి ఉంటుంది, దాన్ని చాలా ఇళ్ళలో ఎవరూ ముట్టుకోరు: ఒకవైపు యూపీఎస్, ఇంకోవైపు ఇన్వర్టర్ లేదా ఎకో అని రాసి ఉంటుంది. యూపీఎస్ వైపు పెడితే కరెంటు పోయిన క్షణంలోనే మారుతుంది, రౌటర్ ఆగదు. రెండోవైపు పెడితే మారేటప్పుడు చిన్న విరామం వస్తుంది. ల్యాప్‌టాప్‌కి దాని బ్యాటరీ ఉంది కనక తెలీదు కానీ, రౌటర్ ఆరి మళ్ళీ లేచి నెట్ పట్టుకోవడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. మీటింగులో ఉన్నవాళ్ళకి అది మీ నిర్లక్ష్యంలా కనబడుతుంది.

ఇక్కడో చిక్కుంది. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టరు దాదాపు 180 నుంచి 260 వోల్టుల మధ్యే లైను కరెంటు తీసుకుంటుంది. రబీలో మోటార్లన్నీ ఒకేసారి వేస్తే మీ వీధిలో 170కి పడిపోవచ్చు. అప్పుడు కరెంటు ఉన్నా ఇన్వర్టరు బ్యాటరీ మీదే నడుస్తుంటుంది, చార్జింగూ ఎక్కదు, సాయంత్రానికి చతికిలబడుతుంది. మీ ఊళ్ళో లో వోల్టేజీ ఉంటే ఇన్వర్టరు ముందు స్టెబిలైజర్ పెట్టండి, లేదా స్విచ్చి ఎకో వైపే ఉంచి ఫైబర్ పెట్టెకి, రౌటర్‌కి మాత్రం విడిగా మినీ యూపీఎస్ కొనండి. పదిహేను వందల లోపు వస్తుంది. కొనేముందు రౌటర్ అడాప్టరు మీద 12 వోల్టులా 9 వోల్టులా, ఎన్ని ఆంపియర్లు అన్నది చూసుకోండి. 12 వోల్టుల పెట్టెకి 9 వోల్టులిస్తే లైట్లు వెలుగుతాయి, నెట్ మాత్రం నిలవదు. ఆ లోపం పట్టుకోవడానికి వారాలు పడుతుంది.

ఖాళీ అయిన 150 ఏహెచ్ బ్యాటరీ మళ్ళీ నిండటానికి పది పన్నెండు గంటలు పడుతుంది. పగలు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే మరమ్మతుకి కరెంటు ఆపే అనుమతి) తీసుకుని ఐదు గంటలు లైను ఆపారనుకోండి, రాత్రి మళ్ళీ పోతే మీ దగ్గరుండేది సగం బ్యాటరీయే. మీది రాత్రి షిఫ్టు కాబట్టి ఇది మీకు ముఖ్యం. లైన్‌మన్ నంబరు దగ్గర పెట్టుకోండి. ఎల్‌సీ ఎప్పుడుంటుందో ముందురోజే ఆయనకి తెలిసి ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ మూడు నెలలకోసారి చూసుకోవాలి, వేసవిలో రెండు నెలలకే. కుళాయి నీళ్ళు పోస్తే బ్యాటరీ ఆయుష్షు ఏడాదిలో ముగుస్తుంది. లిథియం బ్యాటరీ అయితే నీళ్ళ బాధ లేదు, త్వరగా నిండుతుంది, ధరే ఎక్కువ.

ఎర్తింగు పాత ఇళ్ళలో పేరుకే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ కొలిపించండి. 3 వోల్టుల లోపుంటే నిశ్చింత. పది దాటితే ల్యాప్‌టాప్ ఒంటిమీద చెయ్యి పెడితే జిల్లుమంటుంది, ముందు దాన్ని సరిచేయించాకే మిగతాది. ఇనప పైపు, బొగ్గు, ఉప్పు వేసి కొత్త ఎర్త్ గొయ్యి తీయించడం ఒక పూట పని. వేసవిలో దాంట్లో నీళ్ళు పోస్తుండాలి.

సోలార్ గురించి కూడా అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, కరెంటు బిల్లుకి అది మంచిదే. కానీ ఆ పథకంలో మామూలుగా బిగించే ఆన్‌గ్రిడ్ ప్యానెల్, లైను పోగానే తనూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకూడదని అలా కట్టారు. ఎండ నిలువునా కాస్తున్నా మీ గదిలో చీకటే. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టరు పెడితేనే అది మీకు బ్యాకప్.

నెట్ రెండు దారుల్లో రావాలి. రెండు కంపెనీల ఫైబర్ తీసుకుని ధీమాగా ఉండేవాళ్ళుంటారు. రెండు తీగలూ ఒకే స్తంభాల మీద నుంచి వస్తుంటే, రోడ్డు పక్క జేసీబీ ఒక్క దెబ్బకి రెండూ పోతాయి. ఒకటి తీగ, రెండోది గాలిలోంచి వచ్చే 4జీ లేదా 5జీ ఉండాలి. ఆ రెండోది ఏ కంపెనీదైతే మంచిదో ఎవరి మాటా నమ్మకండి. రెండు మూడు సిమ్ములు తీసుకెళ్ళి, మీరు కూర్చోబోయే గదిలోనే సాయంత్రం ఏడింటికీ తొమ్మిదింటికీ చూడండి. ఫోన్ సెట్టింగుల్లో సిగ్నల్ బలం డీబీఎంలో కనబడుతుంది. మైనస్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. మైనస్ 95 కన్నా మెరుగ్గా ఉంటే పని నడుస్తుంది, మైనస్ 110 దాటితే మాట ముక్కలవుతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఊరంతా కరెంటు పోయి గంటలు గడిస్తే టవర్ బ్యాటరీ కూడా అయిపోతుంది. మొంథా లాంటి తుఫాను వచ్చినప్పుడు రెండు దారులూ మూసుకుంటాయి. గోదావరి జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా హెచ్చరిక రాగానే ల్యాప్‌టాప్ పట్టుకుని రాజమండ్రిలోనో విజయవాడలోనో చుట్టాలింట్లో ఉండటమే బ్యాకప్.

స్పీడు విషయానికొస్తే, 100 ఎంబీపీఎస్ చాలు. వీడియో కాల్‌కి కావలసింది పైకి మూడు నాలుగు, కిందకి అంతే. 300 తీసుకున్నా మీటింగు మూడు రెట్లు బాగుండదు. బాగుండేది పింగ్ (అవతలికి చిన్న ప్యాకెట్ పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూసే పరీక్ష) నిలకడగా ఉన్నప్పుడు. కంప్యూటర్‌లో ఒక విండో తెరిచి గంటసేపు పింగ్ ఆపకుండా నడపండి. వంద ప్యాకెట్లలో ఒకటి రెండు పోతుంటే కాల్ తెగదు కానీ గొంతు రోబోలా మారుతుంది. కాల్ తెగడం కన్నా ఇదే చిరాకు, ఎందుకంటే అవతలివాళ్ళు చెప్పరు, ఓర్చుకుంటారు.

ఫైబర్‌లో లోపం ఎక్కడుందో సగం మీరే తేల్చుకోవచ్చు. పెట్టె మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ అందడం లేదని అర్థం) అని ఎర్ర లైటు వెలిగితే తీగ తెగింది, లేదా బాగా వంగింది. రీస్టార్టులు అనవసరం, ఫోన్ చేయండి. లైట్లన్నీ పచ్చగా ఉండి నెట్ తడబడుతుంటే పెట్టె సెట్టింగుల పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్ (తీగలోంచి పెట్టెకి చేరే కాంతి బలం, ఇదీ డీబీఎంలోనే) చూడండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే ఆరోగ్యం. మైనస్ 27 దాటితే ఎండకి, వానకి ఊగిసలాడుతుంది. కారణాలు మీ ప్రాంతంలో దాదాపు ఎప్పుడూ ఇవే: కొబ్బరిమట్ట పడి తీగ సాగడం, కోతులు ఊగడం, ఎలకలు కొరకడం, కిటికీ సందులో తీగని మడతపెట్టి మూయడం, చెమ్మకి కనెక్టర్ పాడవడం. అతుకు వేసే మనిషి వచ్చినప్పుడు చేత్తో బిగించే ఫాస్ట్ కనెక్టర్ కాకుండా, రెండు కొసల్నీ కరిగించి అతికే ఫ్యూజన్ స్ప్లైస్ వేయమనండి. రెండు మూడు వందలు ఎక్కువ అడిగినా ఇచ్చేయండి.

పని బల్లకి వైఫై మీద ఆధారపడొద్దు. మీ నాన్నగారి కాలం ఇళ్ళలో తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, ఒక్కోచోట పద్నాలుగు. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఒక గోడ దాటితే నీరసిస్తుంది. రౌటర్ నుంచి క్యాట్ 6 నెట్‌వర్క్ తీగ పదిహేను మీటర్లు లాగించండి, కరెంటు తీగ ఉన్న పైపులో మాత్రం వేయనీయకండి. ఉరుములప్పుడు ప్లగ్గులు పీకేయండి. ఎర్త్ బాగున్న ఇంట్లోనూ పిడుగుకి మొదట పోయేది ఫైబర్ పెట్టె అడాప్టరే.

వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే భద్రమైన దారి) కనెక్ట్ అవుతుంది, చాట్ పనిచేస్తుంది, కానీ కొన్ని పేజీలు తెల్లగా ఉండిపోతాయి, పెద్ద ఫైలు మధ్యలో ఆగుతుంది. ఈ ఫిర్యాదు వింటే నేను మరేమీ అడగను, ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ పరిమాణం) చూడమంటాను. ఇంటి ఫైబర్‌లో పీపీపీఓఈ అనే లాగిన్ పద్ధతి వల్ల 1,500కి బదులు 1,492 బైట్లే పడతాయి. దాని మీద వీపీఎన్ తన పొరలు తొడిగేసరికి పెద్ద ప్యాకెట్లు దారిలో పడిపోతాయి. వీపీఎన్ అడాప్టరు ఎంటీయూ 1,350కి దింపితే చాలావరకు తీరుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఆ అధికారం ఉండదు, ఈ పేరా కాపీ చేసి మీ ఐటీ హెల్ప్‌డెస్క్‌కి పంపండి. వీపీఎన్ అసలు కనెక్టే కాకపోతే లోకల్ ఆపరేటరు చాలా ఇళ్ళకి ఒకే ఐపీ (నెట్‌లో చిరునామా) పంచుతున్నాడేమో అడగండి, పబ్లిక్ ఐపీ ఇమ్మనండి. నెలకి కొంత తీసుకుంటారు.

సాయంత్రం తొమ్మిదింటికి మాత్రమే నెట్ చచ్చుబడుతోందంటే ఆపరేటర్ని తిట్టేముందు ఇంట్లో ఫోన్లు చూడండి. పెళ్ళి ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కుతుంటాయి. పైకెళ్ళే దారి నిండిపోతే మీ గొంతు దాని వెనక వరసలో నిలబడుతుంది. ఫోన్లలో బ్యాకప్ వేళని తెల్లవారుజాముకి మార్చండి, లేదా రౌటర్‌లో ఇంటివాళ్ళకి గెస్ట్ వైఫై తెరిచి దానికి వేగపరిమితి పెట్టండి. గెస్ట్ వైఫై వల్ల ఇంకో లాభం, మీ ఆఫీసు ల్యాప్‌టాప్, పిల్లల ఆటల ఫోన్లు ఒకే నెట్‌వర్క్‌లో ఉండవు. రౌటర్ సెట్టింగుల పాస్‌వర్డ్ అడ్మిన్ అనే ఉంటే ఈ రోజే మార్చండి.

గది, బల్ల, కుర్చీ. గది తూర్పు వైపో ఉత్తరం వైపో ఎంచుకోండి. పడమటి గోడ సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదిదాకా వేడి కక్కుతుంది. మీ షిఫ్టు సరిగ్గా అప్పుడే. డాబా మీద గది విశాలంగా ఉందని అక్కడికి ఎక్కకండి, ఏప్రిల్‌లో శ్లాబు కింద ఉండలేరు. కింది గదే మేలు. కిటికీ మీకు పక్కన ఉండాలి. వెనకుంటే కెమెరాలో ముఖం నల్లగా, ఎదురుగా ఉంటే కళ్ళకి శ్రమ.

వడ్రంగితో బల్ల చేయిస్తే అలవాటుగా 30 అంగుళాలు పెడతాడు. ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషికి అది సరిపోతుంది. ఐదడుగుల రెండు అంగుళాల మనిషికి భుజాలు పైకెత్తి టైపు చేయాల్సొస్తుంది, రెండు నెలల్లో మెడ పట్టేస్తుంది. కొలత ఇలా: కుర్చీలో కూర్చుని భుజాలు వదులుగా వదిలి మోచేయి మడిచినప్పుడు ఎంత ఎత్తులో ఉందో అదే కీబోర్డు ఎత్తు. పాదాలు నేలకి ఆనకపోతే పీట వేసుకోండి. ల్యాప్‌టాప్‌ని అలాగే వాడకండి. స్టాండు మీద పెట్టి, విడిగా కీబోర్డు, మౌస్ కొనుక్కోండి. మానిటర్ పై అంచు కంటి ఎత్తుకి రావాలి, చెయ్యి చాపితే వేళ్ళు తగిలేంత దూరంలో ఉండాలి. కుర్చీ మీద డబ్బు ఆదా చేయొద్దు. వెన్ను ఆనించి కూర్చుంటే మోకాలి వెనకకీ సీటు అంచుకీ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. సీటు పొడుగైతే మనిషి ముందుకి జరిగి కూర్చుంటాడు, అప్పుడు ఆ వెన్ను ఆధారం ఎంత ఖరీదైనా వృథా.

హెడ్‌సెట్‌కి నోటి దగ్గరకొచ్చే మైకు కాడ ఉండాలి. నోటికి ఎదురుగా కాకుండా మూలకి, రెండు వేళ్ళ దూరంలో. కుక్కర్ కూత, పక్కింటి మిక్సీ వీటిని సాఫ్ట్‌వేర్ చాలావరకు మింగేస్తుంది. ధనుర్మాసం గుడి మైకునీ వినాయక చవితి పందిరినీ ఏ సాఫ్ట్‌వేరూ మింగలేదు. ఆ రోజులకి ముందే టీముకి చెప్పి ఉంచండి.

మొత్తం మీద ఇన్వర్టరు, బ్యాటరీ 20–25 వేలు, కుర్చీ 10, మానిటర్ 10, బల్ల, స్టాండు, హెడ్‌సెట్, తీగలు, ఎర్తింగు కలిపి 15–20. అరవై వేలు పెట్టుకోండి. మియాపూర్ అద్దె నాలుగు నెలలు కడితే అయ్యే ఖర్చు. కంపెనీ ఇంటి సెటప్‌కి డబ్బిస్తుందేమో అడగండి. అడిగినవాళ్ళకే ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి.

వేళలు. అమెరికా తూర్పుతీరం ఉదయం తొమ్మిది మీకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్ళ గడియారం మారుతుంది. ఇంట్లో అన్నాల వేళ, పిల్లల నిద్ర వేళ ఆ రెండు రోజుల్లో తారుమారవుతాయని ముందే చెప్పండి.

అసలు సుఖం ఇక్కడే ఉంది. మీ పగలంతా మీది. ఉదయం చేలోకి వెళ్ళిరావచ్చు, పిల్లని బడిలో దింపొచ్చు, మధ్యాహ్నం వేడన్నం తిని అరగంట కునుకు తీయొచ్చు. ట్రాఫిక్‌లో పోయే రెండు గంటలు మిగలడం కన్నా, ఈ పగలు దొరకడమే పెద్దది. అయితే అది నిలవాలంటే రెండు గట్లు వేసుకోవాలి. ఒకటి నిద్ర: రాత్రి ఒంటిగంటన్నరకి పని ముగిస్తే పొద్దున ఎనిమిదిన్నర దాకా పడుకోవాలి. పల్లెలో ఎనిమిదింటికి లేచేవాణ్ణి బద్ధకస్తుడంటారు, అననివ్వండి. రెండోది తలుపు. పగలు ఇంట్లో కనబడే మగాడు ఖాళీ మనిషని ఊరి లెక్క. బ్యాంకు పని, ఆధార్ పని, ఎవరినో స్టేషన్‌లో దింపే పని అన్నీ మీ నెత్తికొస్తాయి. ఆడవాళ్ళ విషయంలో ఇది ఇంకా ఘోరం: పొయ్యి, పిల్లలు, పెద్దవాళ్ళు అన్నీ ఉద్యోగం మీద అదనంగా పడతాయి. మీ ఆవిడ కూడా ఇంటి నుంచే పనిచేస్తారని రాశారు. ఇద్దరికీ ఒకే గది, ఒకే బల్ల అంటే కుదరదు, ఇద్దరికీ రెండు తలుపులుండాలి. వంటమనిషిని పెట్టుకోవడం సోకు కాదు, ఈ ఏర్పాటులో భాగం అనుకోండి.

మూడో నెలకి ఒంటరితనం వస్తుంది. టీములో ఎవరు దేనిమీద పనిచేస్తున్నారో, ఎవరు వెళ్ళిపోతున్నారో తెలియడం మానేస్తుంది. ఆ నాలుగు ఆఫీసు రోజుల్ని కోడ్ రాయడానికి వాడకండి, మనుషులతో మాట్లాడటానికి వాడండి.

ఇక ఎన్నాళ్ళు? ఇది కరోనాతో పుట్టిన సంగతి కాదు. 1973లోనే జాక్ నిల్స్ అనే అమెరికన్ ఇంజనీరు ఇళ్ళ దగ్గర నుంచి పని చేయించవచ్చని ప్రతిపాదించాడు. రద్దు చేయడమూ కొత్త కాదు: యాహూ 2013లో, ఐబీఎం 2017లో ఇంటి నుంచి చేసేవాళ్ళని ఆఫీసులకి పిలిచాయి. మనదగ్గర టీసీఎస్ 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులంది. అమెజాన్ 2025 జనవరి నుంచి అదే అంది. ఇన్ఫోసిస్ 2025 మార్చి నుంచి కొన్ని స్థాయిల వాళ్ళని నెలకి పది రోజులు రమ్మంది. మీకు నాలుగు రోజులు చాలంటున్న కంపెనీ రేపు పది అనదని హామీ లేదు. నేనైతే పది రోజులకి లెక్క వేసుకునే ఊరెళ్తాను.

ఉంటుందని ఎందుకంటున్నానంటే దానికి గట్టి ఆధారాలున్నాయి. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చైనా ట్రావెల్ కంపెనీ సీట్రిప్‌లో రెండు ప్రయోగాలు చేసింది. మొదటిది కాల్ సెంటర్ సిబ్బంది మీద: ఇంటి నుంచి చేసినవాళ్ళ పని 13 శాతం పెరిగింది. కానీ వాళ్ళలో చాలామంది తర్వాత ఆఫీసుకి తిరిగి వెళ్తామన్నారు, పనితీరుతో పోల్చి చూస్తే పదోన్నతులూ తగ్గాయి. రెండోది 1,612 మంది మీద, ఫలితాలు 2024లో నేచర్ పత్రికలో వచ్చాయి: వారానికి రెండు రోజులు ఇంటి నుంచి చేసినవాళ్ళ పనితీరు, పదోన్నతులు తగ్గలేదు, ఉద్యోగం మానేసేవాళ్ళు మూడో వంతు తగ్గారు. మనిషి మానేస్తే కొత్తవాణ్ణి వెతికి నేర్పించే ఖర్చు ఏ మేనేజరుకైనా తెలుసు. అందుకే సగం ఇల్లు, సగం ఆఫీసు పద్ధతి బతుకుతుంది.

ప్రభుత్వం వైపు దారి కొంత తెరుచుకుంది. 2020 నవంబరులో టెలికాం శాఖ కాల్ సెంటర్ల నిబంధనలు సడలించింది. 2022 జులైలో సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) నిబంధనల్లో 43ఏ చేర్చి అక్కడి ఉద్యోగులకీ ఇంటి నుంచి పనిచేసే వీలు కల్పించారు. ఆంధ్రప్రదేశ్ 2024 ఐటీ, జీసీసీ (విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకునే సొంత కేంద్రాలు) విధానంలో ఊళ్ళకి దగ్గర పని కేంద్రాలు పెట్టేవాళ్ళకి ప్రోత్సాహకాలున్నాయి. మహిళలకి ఇంటి నుంచి పని పెంచుతామని 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రకటించారు. ఇవన్నీ కంపెనీకి వీలు ఇచ్చేవి. మీకు హక్కు ఇచ్చేవి కావు. తేడా గమనించండి.

నన్ను ఆలోచింపజేసేది ఇంకోటుంది. మీ పని నూటికి నూరుపాళ్ళు తణుకు నుంచి చేయగలిగినదైతే, అది మనీలా నుంచీ చేయించవచ్చు, కొంత భాగం యంత్రంతోనూ చేయించవచ్చు. టికెట్ (సిస్టంలో నమోదైన ఫిర్యాదు) తీసుకుని, తీర్చి, మూసేసే పనికి ఈ ప్రమాదం ఎక్కువ. క్లయింటు మనసులో ఏముందో తెలిసిన మనిషికి తక్కువ. ఊరెళ్ళాక మీరు రెండో రకం పనివైపు జరగాలి. మొదటి రెండేళ్ళ అనుభవం లేని కొత్తవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీరు మాత్రం ఆఫీసుకే వెళ్ళండి. పక్క కుర్చీ చూసి నేర్చుకునేది వీడియో కాల్‌లో రాదు.

కాగితాలు. మేనేజరు మాట కాదు, హెచ్‌ఆర్ నుంచి మెయిల్ ఉండాలి: పని ఊరు తణుకు, ఆఫీసుకి నెలకి ఇన్ని రోజులు, ప్రయాణ ఖర్చు ఎవరిది, మార్చాలంటే ఎన్ని రోజుల ముందు చెప్తారు. అరవై రోజులు అడగండి, ముప్పైకి ఒప్పుకున్నా నయమే. పాత పన్ను విధానంలో ఉండి హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇంటి అద్దె భత్యం) మినహాయింపు వాడుతుంటే, సొంతిల్లు మీ పేరున ఉంటే అది పోతుంది. ఇల్లు నాన్నగారి పేరున ఉండి, నిజంగా నెలనెలా బ్యాంకు ద్వారా అద్దె ఇచ్చి, ఆయన దాన్ని తన ఆదాయంలో చూపితే చెల్లుతుంది. కొత్త విధానంలో ఉంటే ఈ గొడవే లేదు, ఆ మినహాయింపే లేదు. అలాగే సెలవుకి దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో అన్నయ్య దగ్గరికి వెళ్ళి అక్కడి నుంచి చెప్పకుండా లాగిన్ అవ్వకండి. వీసా, పన్ను, క్లయింటు డేటా మూడింటికీ అది చిక్కే, ఐటీ వాళ్ళకి ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

ఇల్లు ఖాళీ చేసేముందు ఒక నెల అద్దె అదనంగా పోయినా సరే, ఊళ్ళో ఒక పూర్తి నెల పనిచేసి చూడండి. వీలైతే మేలో, కరెంటు మీదా వేడి మీదా నిజం తెలిసేది అప్పుడే. ఆ నెలలో నెట్ ఎన్నిసార్లు పోయింది, రెండో దారికి మారడానికి ఎంతసేపు పట్టింది రాసి పెట్టుకోండి. ఆ లెక్క చూసే మియాపూర్ ఓనరుకి నోటీసు ఇవ్వండి. ఆఫీసు రోజులు నెల ముందే ఖాయం చేయించుకోగలిగితే తాడేపల్లిగూడెంలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి లింగంపల్లిలో దిగొచ్చు. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. సంక్రాంతి ముందూ వెనకా వారాల్లో ఆఫీసు రోజులు పెట్టుకోకండి, టికెట్ దొరకదు.